లవ్ బర్డ్స్ పిల్లల్లో చివరి రెండూ ఎదగట్లేదు, తీసేసి పాలు పట్టమంటారా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. కుండలు కట్టి మూడు జతల లవ్ బర్డ్స్ పెంచుతున్నాను. ఒక జతకి ఐదు పిల్లలు, మొదటి మూడు బొద్దుగా ఉన్నాయి, చివరి రెండూ ముడతలు పడి తల ఒక్కటే పెద్దగా కనబడుతోంది, మెడ కింద సంచి ఖాళీ. వాటిని బయటికి తీసి సిరంజితో ఆవుపాలు పట్టమని ఒకాయన చెప్పారు. చేయమంటారా?

జవాబు: వద్దండి. ఆవుపాలు అసలే వద్దు, పక్షులకి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటే అంత చిన్న పిల్ల ఒక్కరోజులో పోతుంది. ఇక బయటికి తీసి మనమే పెంచాలంటే రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా లేచి పెట్టాలి, పొలం పనులున్నవాళ్ళకి అయ్యే పని కాదు, నిజం చెప్పాలంటే నావల్ల కూడా కాదు. తల్లీతండ్రీ ఉన్నాయి కదా, వాటి చేతే పెంచించి మనం పక్కనుంచి ఓ చెయ్యి వేస్తే సరిపోతుంది.

మీ దగ్గరున్నవి బడ్జీలు, మన దగ్గర అందరూ లవ్ బర్డ్స్ అనే అంటారు కాబట్టి నేనూ అదే అంటా. ఇవి రోజు విడిచి రోజు గుడ్డు పెడతాయి, మొదటి గుడ్లు పెట్టగానే పొదగడం మొదలెట్టేస్తాయి, దాదాపు 18 రోజులకి పిల్ల వస్తుంది. అంటే ఐదు పిల్లలుంటే పెద్దదానికీ చిన్నదానికీ వారం పైనే తేడా. పుట్టినప్పుడు పిల్ల 2 గ్రాములే ఉంటుంది, కాబట్టి చిన్నవి చిన్నగా కనబడితే కంగారు పడక్కర్లేదు, సంచి ఖాళీగా ఉందన్నారే, అదీ నన్ను ఆలోచింపజేసింది.

కుండలో తిండి ఎలా నడుస్తుందంటే మగది గింజలు తినొచ్చి ఆడదాని నోట్లో కక్కుతుంది, ఆడది పిల్లలకి పెడుతుంది, మొదటి రోజుల్లో అయితే పాలలాంటి పల్చటిది పెడుతుంది. ఆడది మామూలుగా చిన్నవాటినే ముందు చూస్తుంది, మగది మాత్రం ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళకి పెట్టేస్తుంది, మన ఇళ్ళలో లాగే. అందుకని చివరివి పస్తుంటున్నాయంటే ముందు ఆ జతని చూడండి. ఓ గంట దూరంగా కూర్చుని గమనించండి, మగది తెచ్చి ఇస్తోందా, ఆడది కుండలో ఉంటోందా, మళ్ళీ గుడ్లకి దిగిందా. కుండలో చీమలు, పేలు ఉన్నాయేమో కూడా చూడాలి, చీమలు పడితే తల్లి లోపలికే పోదు. రాత్రి పిల్లికో ఎలక్కో బెదిరి బయటికి వచ్చిన తల్లి చీకట్లో తిరిగి కుండలోకి పోలేదు, పిల్లలు చల్లబడిపోతాయి, చిన్న జీరో బల్బు ఒకటి వెయ్యండి.

తర్వాత తిండి. మీరు ఉత్త కొర్రలే వేస్తుంటారనుకుంటా, చాలామంది అంతే. ఐదు పిల్లల్ని సాకుతున్న జతకి అది చాలదు. ఉడికించిన కోడిగుడ్డు మెత్తగా చిదిమి పెట్టండి, నానబెట్టి మొలకెత్తిన కొర్రలు, పెసలు, కాస్త మునగాకు, కటిల్ బోన్ (కాల్షియం కోసం పక్షులకి పెట్టే సముద్రజీవి ఎముక) ముక్క. పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ముందు ఒకసారి. ఎండాకాలం గుడ్డు రెండు గంటలు దాటి ఉంచొద్దు, పాచిపోతుంది.

మిగతా రెండు జతల్లో దేనికైనా ఇదే సైజు పిల్లలు తక్కువగా ఉంటే ఈ రెండిట్నీ అందులోకి మార్చండి, అన్నిటికంటే తేలిక దారి అదే. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందని భయపడకండి, అలవాటున్న బడ్జీలు పట్టించుకోవు.

అది కుదరకపోతేనే చేత్తో పెట్టడం. రోజుకి రెండు మూడుసార్లు, తీసి పెట్టి వెంటనే కుండలో వదిలెయ్యాలి. పెట్ షాపులో హ్యాండ్ ఫీడింగ్ పొడి దొరుకుతుంది, పాలు లేకుండా గోరువెచ్చని నీళ్ళలో కలపండి, చిన్న పిల్లకి పల్చగా, పెరిగేకొద్దీ కాస్త చిక్కగా. వేడి 39, 40 డిగ్రీలు ఉండాలి, థర్మామీటర్ పెట్టి చూడండి, వేలు పెట్టి చూస్తే తెలీదు, ఎక్కువైతే సంచి లోపల కాలుతుంది, చల్లారిపోతే అరగదు. కొలత బరువులో పదో వంతు, అంటే 5 గ్రాముల పిల్లకి అర ఎంఎల్, అంతే. సిరంజి కంటే అంచులు వంచిన చిన్న స్పూను నయం, తొందరపడి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముట్టుకుంటే చల్లగా ఉన్న పిల్లకి మాత్రం ఏమీ పెట్టకండి, ముందు అరచేతుల్లో వెచ్చబరచాలి, చల్లటి ఒంట్లో తిండి అరగక పులిసిపోతుంది.

బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది, ఒకటి కొనుక్కోండి. రోజూ పొద్దున తిండికి ముందు తూచి రాసుకోండి. రెండు రోజులు వరసగా బరువు పెరక్కపోయినా, రాత్రి పెట్టింది తెల్లారేసరికి సంచిలోనే అలాగే ఉండి పుల్లటి వాసన వస్తున్నా ఇక ఇంట్లో ప్రయోగాలు ఆపి పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, ఆ త్రాసు లెక్క కాగితం కూడా వెంట పట్టుకెళ్ళండి. ఈ పిల్లలు బయటికొచ్చి సొంతంగా తినడం మొదలెట్టాక ఆ కుండ తీసి పక్కన పెట్టండి, ఆ జతకి కొన్ని నెలలు విశ్రాంతి కావాలి.