పోషణా? పెద్దరికమా?

ప్రశ్న: మా ఊళ్లో ఒక బట్టల కొట్టు రసీదు కింద ‘థ్యాంక్యూ ఫర్ ప్యాట్రనైజింగ్ అస్’ అని ఉంటుంది. మా ఆఫీసులో ఒకామె ‘డోంట్ ప్యాట్రనైజ్ మీ’ అనేసరికి పై అధికారి మొహం మాడిపోయింది. ఒకటే మాట అక్కడ దండం, ఇక్కడ దెప్పు ఎలా అయింది?
– ఒక పాఠకురాలు, బరంపురం (ఒడిశా)

జవాబు: రెండూ సరైన వాడుకలేనండి. లాటిన్‌లో ‘పాటెర్’ అంటే తండ్రి. అందులోంచి పుట్టిన ‘పాత్రోనుస్’ అంటే అండగా నిలిచే పెద్ద. మన గ్రంథాలయాల గోడల మీద కనిపించే ‘మహారాజ పోషకులు’ ఇంగ్లీషులో ప్యాట్రన్లే. కొట్టుకొచ్చి కొనేవాళ్లూ దాన్ని పోషిస్తున్నట్టే లెక్క. ఎవరూ అడక్కుండా ఆ తండ్రి పాత్ర వేసుకున్నప్పుడే తంటా.

పర్లాకిమిడిలో పుట్టి పెరిగి, భువనేశ్వర్‌లో పదేళ్లుగా ఉద్యోగం చేస్తున్న తెలుగావిడతో ఎవరో ‘అరె, మీ ఒడియా బాగానే ఉందే!’ అన్నారనుకోండి. మెచ్చుకోలే, కాదనలేం. కానీ ఆ ‘అరె’ చూడండి. ఈవిడకు రాదని ముందే తేల్చేసుకున్నారన్నమాట. ‘చిన్నచూపు’ అని అనువదిస్తే సరిపోనిది ఇందుకే. చిన్నచూపులో ఈసడింపు పైకే తెలుస్తుంది, ఇది నవ్వుతూ భుజం తడుతుంది. ‘పెద్దరికం ఒలకబోయడం’ అంటే దగ్గరగా ఉంటుంది.

దీని చుట్టం ‘కాండిసెండ్’, అంటే తానేదో మెట్టు దిగి వచ్చినట్టు ఎదుటివాళ్లతో మసలడం. ఎక్కువమంది తడబడేది ‘టు’ దగ్గర. ‘హి ప్యాట్రనైజ్డ్ మీ’లో అది రాదు. ‘హి కాండిసెండెడ్ టు మీ’లో రాకపోతే తప్పు. ‘టు’ తర్వాత క్రియ వస్తే అర్థం ఇంకో మలుపు తిరుగుతుంది: ‘హి ఫైనల్లీ కాండిసెండెడ్ టు కమ్’. భోజనాలయ్యాక వచ్చిన బావగారిని మనం ‘ఎట్టకేలకు దయచేశారు!’ అంటామే, అచ్చం అదే. రెండు వందల ఏళ్ల కిందట గొప్పింటివాళ్లు సామాన్యులతో కలివిడిగా మాట్లాడితే ఇదే మాటతో పొగిడేవారు. ఆ నమ్మకంతో ఇప్పుడు ముఖ్య అతిథికి వెళ్లే ఆహ్వానంలో రాస్తే ఎత్తిపొడుపు అవుతుంది.

పలకడంలో బ్రిటిష్‌వాళ్లది ‘ప్యాట్రనైజ్’, అమెరికావాళ్లది ఎక్కువగా ‘పేట్రనైజ్’. ఇక మీ కొట్టతను రసీదు మళ్లీ అచ్చువేయించేటప్పుడు ‘థ్యాంక్యూ ఫర్ యువర్ ప్యాట్రనేజ్’ అని మార్చుకుంటే మేలు. మామూలు వాడుకలో ఆ నామవాచకానికి ఈ దెప్పు అంతగా అంటలేదు.