ఖాళీగా కనిపించే పౌనఃపున్యాల గురించి

చిరంజీవి మాధవికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి, ఎవరూ వాడని పౌనఃపున్యాలను తనంతట తానే వెతుక్కుని వాడుకునే రేడియోను తయారుచేయబోతున్నావని అమ్మ చెప్పింది. అప్పటినుంచి గర్వమూ దిగులూ కలిసి నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

నీకు తెలిసినవి ఎక్కువ చెప్పను. ఏంటెనాను అవసరమైనంత ఎత్తులోనే ఉంచు, పక్క పౌనఃపున్యాలను అడ్డుకునే ఫిల్టరు దగ్గర పొదుపు చేయకు, శక్తిని పెంచి లాభం వెతకకు. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన షానన్ 1948లో చూపినట్లు, సంకేతం ఇప్పటికే బలంగా ఉన్నచోట శక్తిని రెట్టింపు చేస్తే ఒక్కో హెర్ట్జ్‌కు సెకనుకు దాదాపు ఒక్క బిట్టే అదనంగా దక్కుతుంది, పొరుగువారికి మాత్రం నీ రొద రెట్టింపవుతుంది.

నా భయమంతా నీ పరికరం వినే తీరు గురించే. అది తానున్న చోట విని, ఏమీ వినబడకపోతే ఆ పౌనఃపున్యం ఖాళీ అనుకుంటుంది. ఇది పాత పొరపాటే. మధ్యలో కొండ అడ్డుంటే దూరపు టీవీ ప్రసారం నీ పరికరానికి అందకపోవచ్చు, కానీ దానికి సమీపంలోనే ఎత్తైన కప్పు మీదున్న ఏంటెనా ఆ ప్రసారాన్నే అందుకుంటూ ఉండవచ్చు. అందుకే అమెరికాలో ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 2008లో టీవీ చానళ్ల మధ్య ఖాళీలను వాడుకోనిచ్చినప్పుడు, మైనస్ 114 డీబీఎం (డీబీఎం సంకేత శక్తికి కొలమానం) అంతటి బలహీన సంకేతాన్ని కూడా పసిగట్టాలని షరతు పెట్టింది. 2010లో మాత్రం, తన స్థానం చెప్పి, అక్కడ ఏ చానళ్లు ఖాళీయో తెలిపే డేటాబేసును సంప్రదించే పరికరాలకు ఆ షరతును తొలగించింది. అసలు ప్రసారమే చేయకుండా వినేవారి సంగతి ఇంకా కష్టం. 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ వరకు ఖగోళ శాస్త్రజ్ఞులు హైడ్రోజన్ సంకేతాన్ని వింటారు; అక్కడ ఏ ప్రసారానికీ అనుమతి లేదు. 24 గిగాహెర్ట్జ్‌కు కాస్త దిగువన ఉపగ్రహాలు గాలిలోని నీటి ఆవిరిని కొలుస్తాయి. ఎంతకాలం విన్నా నీ పరికరానికి ఆ రెండు చోట్లా ఎవరూ ఉన్నట్లే తెలియదు.

విమానాల రేడియో పరికరాలను సరిచూస్తూ బతికినవాణ్ణి కాబట్టి ఇంత చెబుతున్నాను. చిన్నప్పుడు నా పనిబల్ల పక్కన నిలబడి, ఈ డబ్బాకు నేల ఎలా కనిపిస్తుందని అడిగేదానివి. నేల నుంచి విమానం ఎత్తును రేడియో తరంగాలతో కొలిచే ఆ డబ్బా, అంటే ఆల్టిమీటరు, పనిచేసేది 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్ మధ్యలో. 2022లో అమెరికాలో 3.7 నుంచి 3.98 గిగాహెర్ట్జ్ వరకు కేటాయించిన పట్టీలో 5జీ మొదలైనప్పుడు నడుమ కనీసం 220 మెగాహెర్ట్జ్ దూరం ఉన్నా, కొన్ని పాత ఆల్టిమీటర్ల ఫిల్టర్లు చాలవన్న ఆందోళనతో విమానాశ్రయాల దగ్గర ఆంక్షలు పెట్టవలసివచ్చింది. పక్క పట్టీలోని రిసీవరు ఎంత వయసుదో, ఎంత సున్నితమో కనుక్కోకుండా దాని పక్కన ప్రసారం మొదలుపెట్టావంటే నేను ఊరుకోను, తల్లీ.

డేటాబేసు అందని క్షణంలో నీ పరికరం మౌనం వహించాలి, ఆ ఏర్పాటును కొన్నవారు మార్చే వీలుండకూడదు. 5 గిగాహెర్ట్జ్‌లో వాతావరణ రాడార్లను గుర్తించి తప్పుకోవలసిన సదుపాయాన్నే కొందరు ఆపేసి వాడారని మరువకు. మొదటి పరీక్షకు ముందు ఫిల్టరు కొలతలు నాకు పంపు. కళ్లజోడు మార్చుకున్నాను, గ్రాఫులు బాగానే కనబడుతున్నాయి.

నీ మామయ్య