టైగర్ సాలమాండర్‌కి వేడి బల్బు వద్దు

ప్రశ్న: నమస్కారమండీ. స్నేహితురాలు ఇల్లు మారుతూ తన రెండు టైగర్ సాలమాండర్లను (బల్లిలా కనిపించే, కప్పల్లాంటి ఉభయచరాలు) నాకిచ్చింది. ఇదివరకు బల్లిని పెంచిన గాజు తొట్టి ఖాళీగా ఉంటే అందులోనే పెట్టాను. అడుగున రెండంగుళాల గులకరాళ్లు, పైన కాస్త నాచు, ఒక మూల నీళ్ల పళ్లెం, మూత మీద వేడినిచ్చే బల్బు ఉన్నాయి. ఒకటి రోజంతా నీళ్లలోనే పడుకుంటోంది. రెండోది గాజుకి ముక్కు రాస్తూ తిరుగుతోంది. తిండి ముట్టడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. పైగా మా అబ్బాయి వాటిని చేతిలోకి తీసుకుంటానని ఒకటే గొడవ. తీసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ బల్బు తీసేయండమ్మా. మిగతాది ఆ తర్వాత చదవండి.

బల్లికి వేడి కావాలి, సాలమాండర్‌కి వేడే శత్రువు. దీనికి 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ హాయిగా ఉంటుంది. 24 దాటితే ఇబ్బంది పడుతుంది, ఆ వేడి అలాగే కొనసాగితే ప్రాణం మీదికి వస్తుంది. ఊపిరితిత్తులున్నా ఇది చర్మంతో కూడా గాలి పీల్చుకుంటుంది, అందుకు చర్మం ఎప్పుడూ తడిగా ఉండాలి. మీ బల్బు తొట్టిని వేడెక్కించడమే కాదు, ఆ తడిని కూడా లాగేస్తోంది. నీళ్ల పళ్లెం వదలనిది చల్లదనం కోసం అక్కడ చేరింది. ముక్కు రాస్తున్నది బయటపడే దారి వెతుకుతోంది. రెండూ మీకు ఒకే మాట చెబుతున్నాయి.

ఇక గులకరాళ్లు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఉత్తర అమెరికా గడ్డినేలల్లో, అడవుల్లో ఈ జీవి ఏడాదిలో ఎక్కువ భాగం భూమి లోపలే గడుపుతుంది. తనే తవ్వుకుంటుంది, లేదంటే నేల ఉడుతల బొరియల్లో దూరుతుంది. పైన ఎండ మండే పొడి ప్రాంతాల్లో కూడా బతకగలిగేది అందుకే. అలాంటిదాన్ని రాళ్ల మీద పెడితే అది ఎక్కడికి పోతుంది? పైగా తిండితో పాటు చిన్న రాయి మింగిందంటే అది పేగులో ఇరుక్కుంటుంది.

రాళ్లన్నీ తీసేసి కనీసం 15 సెంటీమీటర్ల లోతున మట్టి పోయండి. ఇంకా ఎక్కువైతే మరీ మంచిది. ఎరువు, పురుగుమందు, పెర్లైట్ (తెల్లటి తేలిక రాతి గుళికలు) కలవని తోట మట్టిలో కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపితే సరిపోతుంది. ఉత్త కోకోపీట్ అయితే సొరంగాలు నిలవవు, కూలిపోతాయి. మట్టిని పిడికిట్లో నొక్కి చూడండి: ముద్దలా నిలవాలి, వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారకూడదు. తొట్టిలో ఒక పక్క కొంచెం ఎక్కువ తడిగా, రెండో పక్క తక్కువగా ఉంచితే తమకు నచ్చిన చోటు అవే చూసుకుంటాయి. పైన రెండు బెరడు ముక్కలు, కాసిన్ని ఎండుటాకులు వేయండి. రెండింటికి కనీసం 75 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పున్న తొట్టి కావాలి. 90కి 45 ఉంటే నాకు సంతోషం. జాలీ మూత బిగుతుగా ఉండాలి. వీటికి గోడలెక్కడం పెద్దగా రాకపోయినా తలతో తోసే బలం బాగానే ఉంది.

తొట్టిని ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో, నేలకు దగ్గరగా, కిటికీ ఎండ పడని చోట పెట్టండి. థర్మామీటర్‌ని మట్టిలో గుచ్చండి, గది గోడకున్నది చూసి లెక్కేయొద్దు. వేడి పెరిగిన రోజుల్లో జాలీ మీదుగా చిన్న ఫ్యాను గాలి పోనిస్తే తడి ఆరుతూ చల్లబడుతుంది. అప్పుడు నీళ్లు మరికాస్త చల్లుతుండాలి. గుడ్డ చుట్టిన ఐసు సీసాను జాలీ మీద పెట్టినా పనిచేస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు 24 లోపు ఉంచలేని ఇల్లయితే, ఆ పెంపకం పెట్టుకోకపోవడమే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

పళ్లెంలో నీళ్లు రోజూ మార్చండి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ చర్మం గుండా లోపలికి పోతుంది. ఒక రోజు నిలవుంచితే క్లోరిన్ పోతుంది కానీ, కొన్నిచోట్ల దాని బదులు కలిపే క్లోరమిన్ పోదు. అక్వేరియాలకు వాడే వాటర్ కండిషనర్ వేస్తే రెండిటి బెడదా ఉండదు.

తిండికి వానపాములను మించింది లేదు. మందులు చల్లని మట్టిలోవే తేవాలి. ఎరువుల గుంటల్లో పెంచే చిన్న ఎర్రవానపాములు చేదు ద్రవం వదులుతాయి, చాలా సాలమాండర్లు నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తాయి. మార్పుకి కీచురాళ్లు పెట్టొచ్చు, వాటికి కాల్షియం, విటమిన్ డీ3 పొడి అద్దండి. పెద్దవాటికి వారానికి రెండు మూడు సార్లు చాలు. పొట్ట తల కన్నా బాగా వెడల్పయితే తగ్గించండి. నా దగ్గరున్న పెద్ద ఆడది పటకారు మట్టికి తగలగానే సొరంగంలోంచి తల మాత్రం బయటపెట్టి నోరు తెరుస్తుంది. కొత్త ఇంట్లో కుదురుకున్నాక మీవీ అలాగే దగ్గరవుతాయి. మొదటి వారం మాత్రం రోజూ తవ్వి చూడకండి. కనిపించకపోతే అవి క్షేమంగా ఉన్నట్టే. ముక్కు మీద పుండు పడినా, కాళ్ల కింది చర్మం ఎర్రబడినా ఉభయచరాలు తెలిసిన పశువైద్యుడికి చూపించండి.

బాబు సంగతి: చేతిలోకి వద్దు. మన చేతి వేడి, ఉప్పు, సబ్బు మరకలు దాని చర్మానికి హాని. అది బెదిరితే తోక మీది గ్రంథుల నుంచి జిగట ద్రవం వదులుతుంది. తప్పనిసరై పట్టుకోవాల్సి వస్తే శుభ్రంగా కడిగి తడిపిన చేతులతో పట్టుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. తిండి పెట్టే పని బాబుకి అప్పగించండి. పటకారుతో వానపామును అందించడం ఎత్తుకోవడం కన్నా బావుంటుంది.

ప్రశ్న: మా సాలమాండర్ పదేళ్లకు పైగా బతుకుతుందని ఇప్పుడే తెలిసింది. అంతకాలం చూసుకోలేం. తోట చివర చిన్న కుంట ఉంది. అక్కడ వదిలేయొచ్చా?

జవాబు: వద్దు, ఏ కుంటలోనూ వదలకండి. పైకి ఆరోగ్యంగా కనిపించే జంతువు కూడా కైట్రిడ్ ఫంగస్‌నో రానావైరస్‌నో మోస్తూ ఉండొచ్చు, ఉభయచరాల ప్రాణం తీసే ఆ రోగాలు అక్కడి కప్పలకు అంటుకుంటాయి. కాలిఫోర్నియాలో 20వ శతాబ్ది మధ్యలో చేపల ఎరగా వేరేచోటి నుంచి తెచ్చిన టైగర్ సాలమాండర్ పిల్లలు చెరువుల్లో కలిశాయి. అవి అక్కడి సొంత జాతితో సంకరమయ్యాయి. అసలే తగ్గిపోతున్న ఆ జాతికి ఈ సంకరం ఇప్పటికీ పెద్ద ముప్పే.

సరిగా చూస్తే ఇది 20 ఏళ్లు దాటి కూడా బతకగలదు. కాబట్టి అనుభవమున్న పెంపకందారునికో, ఉభయచరాలను చేర్చుకునే సంరక్షణ కేంద్రానికో ఇవ్వండి. మీ ప్రాంతంలో దీన్ని ఉంచుకోవడానికి, చేతులు మార్చడానికి అనుమతి కావాలేమో ముందే అటవీ శాఖను అడగండి. ఇచ్చేసేటప్పుడు ఎప్పుడెప్పుడు ఏం తింటోందో, ఎంత బరువుందో కాగితం మీద రాసివ్వండి. తొట్టిలోని పాత మట్టిని తోటలో పోయకుండా సంచిలో మూటకట్టి చెత్తలో వేయండి. పళ్లెం నీళ్లలో బ్లీచ్ కలిపి కాసేపు ఉంచాకే పారబోయండి.