రిపోర్టులో సున్నా కనిపిస్తే ఫోన్ తియ్యి, అబ్బయ్యా

అబ్బయ్యా,

నెల్లూరులో జబ్బుల నిఘా ఉద్యోగంలో చేరావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. పీహెచ్‌సీల్లో హెల్త్ సూపర్‌వైజర్‌గా తిరిగినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, జబ్బు కేసులు సున్నా అని వచ్చిన రిపోర్టును ఊరికే నమ్మొద్దు.

లక్షణాలు చూసి ఏఎన్ఎంలు నింపే ఎస్ ఫారం, డాక్టర్లు పంపే పీ ఫారం, ల్యాబ్ నుంచి వచ్చే ఎల్ ఫారం ఇప్పుడన్నీ జబ్బుల లెక్కలకు కేంద్రం పెట్టిన ఐహెచ్ఐపీ పోర్టల్లోకే వస్తున్నాయి, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ సున్నా కేసులు లేక వచ్చిందా, ఏఎన్ఎం సెలవులో ఉండి వచ్చిందా అన్నది ఫోన్ చేసి అడిగితేనే తెలుస్తుంది. పైగా జ్వరమొస్తే మనవాళ్లు ముందు ఆర్ఎంపీ దగ్గరికో మెడికల్ షాపుకో పోతారు, పీహెచ్‌సీకి చేరేసరికి జబ్బు ఇల్లంతా చుట్టేసి ఉంటుంది. నువ్వు పొదలకూరు పోయినా ఆత్మకూరు పోయినా షాపాయన్ని పలకరించి, "దగ్గు మందు, పారాసెటమాల్ మామూలు కంటే ఎక్కువ పోతున్నాయా అన్నా?" అని అడుగు. కేసు పెడతారేమోనని ఆర్ఎంపీలు భయపడతారు, మర్యాదగా మాట్లాడు.

ఫ్లూ లాంటి జబ్బంటే 38 డిగ్రీలు, ఆపైన జ్వరం, దగ్గు, మొదలై పది రోజులు దాటకూడదు. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే అది ‘సారి’ (SARI), అంటే తీవ్రమైన శ్వాసకోశ ఇన్ఫెక్షన్ల లెక్క కిందికి పోతుంది. ఈ కొలత మధ్యలో మార్చనివ్వకు. ఒక పీహెచ్‌సీ ఉత్త జలుబులు కూడా రాసిందనుకో, నీ గ్రాఫు లేచి నీకు అనవసరంగా టెన్షన్.

2009 స్వైన్ ఫ్లూ గుర్తు పెట్టుకో. మే నెలలో దేశంలో మొదటి కేసు హైదరాబాద్‌లోనే తేలింది, జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి అని ప్రకటించింది. జబ్బు ఊళ్లలోకి పాకాక తేలికపాటి జ్వరాలకు పరీక్షలు ఆపేశారు. అలాంటప్పుడు పాజిటివ్‌లు తగ్గాయని సంబరపడితే ఎలా? ఆయాసంతో వార్డుల్లో చేరేవాళ్ల సంఖ్య చూడాలి.

కోళ్ల సంగతి కూడా. 2024 ఫిబ్రవరిలో మీ నెల్లూరు జిల్లాలోనే చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కదా. పశుసంవర్ధక శాఖ వాళ్ల నంబర్లు నీ ఫోన్లో ఉండాలి, కోళ్లను చంపి పూడ్చినవాళ్లకు ఆ తర్వాత పది రోజులపాటు జ్వరముందేమో రోజూ కనుక్కోవాలి.

స్వాబ్ మాత్రం జ్వరమొచ్చిన తొలి మూడు నాలుగు రోజుల్లోనే తీయించు, సీసా మీద పేరు, తేదీ దగ్గరుండి రాయించి ఐస్ ప్యాకుల మధ్య పంపించు. శనివారం సాయంత్రం తీసిందైతే ఆదివారం ల్యాబ్‌లో ఎవరు తీసుకుంటారో ముందే మాట్లాడుకో.

మీ పెద్దమామ