తొలినాళ్ల రేడియోలో దూరపు స్టేషన్లు రాత్రిపూటే ఎందుకు పలికేవి?

1920ల్లో రేడియో వినేవాళ్లు దూరపు స్టేషన్ల కోసం చీకటి పడేదాకా ఎందుకు ఆగేవారు? పగలు పనులుండేవి, ప్రసారాలూ సాయంత్రాలే ఎక్కువ. కానీ అసలు కారణం ఆకాశంలో ఉంది.

అప్పటి ప్రసారాలు చాలావరకు మీడియం వేవ్‌లో వచ్చేవి. పగటి ఎండకు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున విద్యుదావేశమున్న కణాలతో ‘డి’ పొర ఏర్పడి, పైకి వెళ్లే తరంగాలను మింగేస్తుంది. పొద్దుగూకాక అది దాదాపు మాయమవుతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరలకు తగిలి, వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. తరంగాలు అలా పై పొరకు తగిలి తిరిగొస్తాయని 1924లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఆపిల్టన్ బృందం నిరూపించింది. అందుకు వాళ్లు వాడింది బీబీసీ ట్రాన్స్‌మిటర్‌నే! నాకు భలే నచ్చే విషయం ఇది.

వినడం మాత్రం అంత తేలిక కాదు. క్రిస్టల్ సెట్ అనే సాదా రేడియోకు కరెంటు, బ్యాటరీ ఏదీ అక్కర్లేదు. గలీనా రాయి మీద సన్నని తీగ మొనను అటూఇటూ జరుపుతూ, మాట వినబడే చోటు వెతకాలి. చిన్న కుదుపుకే ఆ చోటు తప్పిపోయేది. శబ్దం హెడ్‌ఫోన్లో సన్నగా వచ్చేది కాబట్టి ఇంట్లో అందరూ మాటలు ఆపాల్సిందే. దూరపు స్టేషన్ కావాలంటే సాధారణంగా వాల్వ్ సెట్ (సన్నని సిగ్నల్‌ను పెంచే గాజు వాక్యూమ్ ట్యూబులున్న రేడియో) ఉండాలి.

అలా దొరికిన పాట కూడా ఉన్నట్టుండి తగ్గి, మళ్లీ పెరిగేది. వేర్వేరు దారుల్లో వచ్చిన తరంగాలు ఒకదాన్నొకటి బలపరచడం, రద్దు చేసుకోవడం వల్లే అలా జరిగేది. సెట్‌లో లోపమేమీ కాదు.