ఫీజు అడగడానికి సిగ్గెందుకు బిడ్డా

బిడ్డా,

మొన్న ఫోన్‌లో అన్నీ చెప్పి, చివర్లో గొంతు తగ్గించి అడిగావు చూడు, "కౌన్సెలింగ్‌కు ఎంత తీసుకుంటరు మామా?" అని. నిద్ర పట్టడం లేదని చెప్పేటప్పుడు రాని సిగ్గు ఆ ఒక్క మాటకు వచ్చింది. అందుకే ముందు డబ్బు సంగతే రాస్తున్నా.

ముప్పై ఏళ్లు బ్యాంకు క్యాష్ కౌంటర్‌లో కూర్చుని ఊరందరి డబ్బు లెక్కపెట్టినవాణ్ణి. మీ అత్త పోయాక హన్మకొండలో మొదటిసారి కౌన్సెలింగ్‌కు వెళ్లినప్పుడు మాత్రం ఫీజు అడగడానికి నోరు రాలేదు. ఏడుపు చెప్పుకోవడానికొచ్చి బేరమాడినట్టు ఉంటుందనిపించింది. పది సిట్టింగుల ప్యాకేజీ అన్నారు, కార్డు గీకేశా. రెండు సిట్టింగులకే ఆ కౌన్సెలర్‌కూ నాకూ కుదరదని తెలిసిపోయింది. మిగిలిన డబ్బు తిరిగి రాలేదు. మధ్యలో మానేస్తే ఇస్తారా అని నేనూ ముందు అడగలేదు. ఆ ఉక్రోషంతో నాలుగు నెలలు కౌన్సెలింగ్ మాటే ఎత్తలేదు. ఆ నాలుగు నెలల రాత్రులు ఎలా గడిచాయో మీ అమ్మకు కూడా చెప్పలేదు.

రెండోచోట ముందే ఫోన్ చేసి అడిగా. సిట్టింగుకు ఎంత, ఎంతసేపు, రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి, చెప్పకపోతే డబ్బు పోతుందా? అక్కడి కౌన్సెలర్ మేడమ్ ఏమీ అనుకోలేదు. ఎనిమిది వందలు, యాభై నిమిషాలు, ఒకరోజు ముందు చెబితే చాలు అంది. పెన్షన్ మీద బతికేవాణ్ణి, ప్రతి వారమంటే కష్టమని చెబితే, మొదటి నెల వారానికోసారి, తర్వాత పదిహేను రోజులకోసారి పెట్టింది. కొన్నిచోట్ల ఆదాయాన్ని బట్టి తగ్గిస్తారు కూడా, కానీ అడిగినవాళ్లకే. నువ్వూ ఏ రోజుది ఆ రోజే కట్టు. మూడు సిట్టింగులు అయ్యేదాకా ప్యాకేజీ జోలికి పోకు. మొదటి రోజు ఎలాగూ ప్రశ్నలతోనే సరిపోతుంది, దాన్ని బట్టి మనిషిని అంచనా వేయలేం.

ఇంకోటి, ఇది క్యాషియర్ బుద్ధి అనుకో. ఫోన్‌పే కొడితే స్టేట్‌మెంట్‌లో ఆ సెంటర్ పేరు పడుతుంది. మీది జాయింట్ ఖాతా. అల్లుడికి చెప్పి ఉంటే సరే, లేకపోతే నగదు ఇచ్చి రసీదు తీసుకో. చెబితేనే మంచిదని నాకనిపిస్తుంది. ఆపైన నీ ఇష్టం.

రసీదు ఇన్సూరెన్స్‌కు పనికొస్తుందేమో చూడాలి. శరీర రోగాలతో సమానంగా మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. అది చూసి సంబరపడకు. మామూలు పాలసీలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి. ఇలా వచ్చిపోయే సిట్టింగులకు ఓపీ కవర్ ఉండాలి. మీ కాలేజీ గ్రూప్ పాలసీలో ఆ ముక్క ఉందేమో వెతుకు.

బోర్డు మీద కౌన్సెలర్ అని ఎవరైనా రాసుకుంటున్నారు. సైకియాట్రిస్టు డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటలతో, చేయమని ఇచ్చే పనులతో నయం చేస్తారు. వాళ్లకు ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడుగు. నంబరు అడిగితే ముఖం మాడ్చుకునేవాళ్ల దగ్గర కూర్చోవద్దు.

చేతిలో డబ్బు ఆడని నెలలో వరంగల్ ఎంజీఎం సర్కారు ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. లైన్‌లో నిలబడాలి, తీరిగ్గా గంటసేపు మాట్లాడే వీలుండదు, కానీ డాక్టరు చూస్తారు. అర్ధరాత్రి గుండె దడ మొదలైతే 14416 కొట్టు. అది టెలీ మానస్, ప్రభుత్వానిది. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మీ అమ్మ నీ పేరున మేడారంలో నిలువెత్తు బంగారం, అంటే నీ బరువంత బెల్లం, మొక్కింది. వద్దనకు. బెల్లం తూకానికి నేనూ వస్తా. అయితే మొక్కు తీరేదాకా ఆగుదామని మాత్రం అనకు.

ఫోన్ చేసి శనివారం నాలుగింటికి టైమ్ తీసుకున్నా. కరీంనగర్‌లో ఒంటిగంటకల్లా ఎక్స్‌ప్రెస్ ఎక్కు. ఆడవాళ్లకు మహాలక్ష్మి పథకం ఉంది కాబట్టి నీకు బస్సు ఛార్జీ లేదు, ఆధార్ మరిచిపోకు. హన్మకొండ బస్టాండులో నేనుంటా. ఈ ఒక్కసారి ఫీజు నేను కడతా, తర్వాతవి నీవే. లోపలికి రాను, కింద చాయ్ హోటల్‌లో కూర్చుంటా. బయటికొచ్చాక ఏం మాట్లాడావని అడగను.

మీ మామ