‘ఆ జబ్బుల’ చదువు మా అమ్మాయికి ఎందుకండీ?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. ఎమ్మెస్సీ చేసి ఏ ఫార్మా కంపెనీలోనో చేరుతుందనుకుంటే, సుఖవ్యాధులు, హెపటైటిస్ ఎలా వ్యాపిస్తున్నాయో పరిశోధించే ఎపిడెమియాలజీ చదువుతానంటోంది. ఆ జబ్బులు తనకు అంటుకుంటాయేమోనని భయం. సంబంధాలు చూసేటప్పుడు నలుగురికీ ఏమని చెప్పుకోవాలన్నది ఇంకో బెంగ. అసలు ఇందులో ఉద్యోగాలుంటాయా?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు అంటుకోవడం సంగతి. పక్కన కూర్చుని మాట్లాడితే ఈ జబ్బులు రావు. ఈ చదువులో పని కూడా వైరస్‌తో కన్నా మనుషులతో, లెక్కలతోనే ఎక్కువ. రక్త నమూనాలు ముట్టుకునే అవసరం పడినా హెపటైటిస్ బి-కి టీకా ఉంది. మన దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ (జన్యు ఇంజినీరింగ్ పద్ధతిలో చేసిన) టీకా 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ నుంచే వచ్చింది. సి-కి టీకా లేదు గానీ, మాత్రలతో చాలామందికి పూర్తిగా నయమవుతోంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆ మందులు ఉచితం.

ఇక పని ఎలా ఉంటుందంటారా? సర్కారు ఆసుపత్రిలో గర్భిణుల ఓపీ దగ్గర పొద్దున్నే క్యూ చూసే ఉంటారు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) సర్వేకు ఎంపికైన చోట్ల మూడు నెలల పాటు, వచ్చినవాళ్ళను వచ్చిన వరుసలోనే, 400 మందిని తీసుకుంటారు. మామూలు పరీక్షలకు తీసిన రక్తంలోనే కొంత పక్కన పెట్టి, పేరు తీసేసి, వయసు, చదువు, భర్త పని లాంటి నాలుగు వివరాలతో ల్యాబుకు పంపుతారు. హెచ్ఐవీ, సిఫిలిస్‌తో పాటు ఇప్పుడు హెపటైటిస్ బి, సి కూడా చూస్తున్నారు. వరుసలో ఒకామె ‘నాకు టైమ్ లేదమ్మా’ అందనుకోండి. ఆమెను వదిలేసి వెనకామెను తీసుకుంటే కొంపలేం మునగవనిపిస్తుంది. కానీ టైమ్ లేనిదెవరికి? కూలికి పోయేవాళ్ళకి. వాళ్ళే జారిపోతూ ఉంటే జిల్లా లెక్కే తప్పుతుంది. ఇలాంటి తప్పు ఎక్కడ దూరుతోందో పట్టుకునేవాళ్ళే ఎపిడెమియాలజిస్టులు.

మీ అమ్మాయి చదివిన మైక్రోబయాలజీ ఇక్కడ అక్కరకొస్తుంది. హెపటైటిస్ సి ర్యాపిడ్ కిట్ మీద గీత పడితే ఎప్పుడో ఒకప్పుడు వైరస్ సోకిందని మాత్రమే అర్థం. కొందరికి మందు లేకుండానే పోతుంది కూడా. ఇప్పుడు ఒంట్లో ఉందో లేదో వైరస్‌నే నేరుగా వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చెప్పాలి. ఈ రెంటినీ ఒకే గంపలో వేసి లెక్కగట్టిన రిపోర్టులు నేనూ చూశాను.

నలుగురి మాటకు వద్దాం. ఈ జబ్బుల పేరెత్తగానే మనకు నడవడిక గుర్తొస్తుంది. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో హెపటైటిస్ బి పదుల మందిని పొట్టన పెట్టుకుంది. ఆరా తీస్తే తేలిందేమిటి? వాడిన సిరంజిలనే మళ్ళీ మళ్ళీ వాడి చేసిన ఇంజెక్షన్లు. రోగులను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ‘ఏ డాక్టరు దగ్గరికెళ్ళారు, సూది వేయించుకున్నారా’ అని ఓపిగ్గా అడిగితేనే ఇలాంటివి బయటపడతాయి.

అలా అడగడం నేర్చుకోవాలి. ఒక మాక్ ఇంటర్వ్యూలో ఓ అమ్మాయి సుఖవ్యాధి అనే మాట మింగేసి ‘అదే సార్... అవి’ అంది. మార్కుల్లో క్లాసు ఫస్టు! రేపు తన తండ్రి వయసు లారీ డ్రైవరును ‘పోయిన నెలలో కండోమ్ వాడారాండీ?’ అని, గొంతు తడబడకుండా, మర్యాద తగ్గకుండా అడగాలి. ముందు ఇంట్లో మీ ఎదుట ఆ మాట అనగలిగితే సగం శిక్షణ అయినట్టే.

ఉద్యోగాల గురించి తియ్యగా చెప్పను. రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థల్లో, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ప్రాజెక్టుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో ఖాళీలొస్తాయి గానీ ఎక్కువ కాంట్రాక్టువే. ప్రాజెక్టు ముగిస్తే మళ్ళీ వెతుక్కోవాలి. గణాంకాలు గట్టిగా వచ్చినవాళ్ళు ఎక్కువకాలం ఖాళీగా ఉండరన్నది నా అనుభవం.

చదువుకు ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చేయాలి. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, హైదరాబాద్‌లోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ (ఐఐపీహెచ్), ముంబయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) చూడండి. కొన్నిచోట్ల వైద్య, అనుబంధ డిగ్రీలే అడుగుతారు కాబట్టి ఫీజు కన్నా ముందు అర్హతల పేజీ చదవండి. ఈలోగా చెన్నై సంస్థే నడిపే ‘హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్’ ఆన్‌లైన్ కోర్సు చేయమనండి. గణాంకాలకు వాడే ఆర్ (R) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా నేర్చుకోమనండి. ఇవి రెండు నెలలకే విసుగనిపిస్తే ఎమ్మెస్సీకి దారి ఎలాగూ ఉంది.

చిన్నప్పుడు హెపటైటిస్ బి టీకా పడిందో లేదో తెలియకపోతే డాక్టర్ని అడిగి వేయించండి. మూడు డోసులు పూర్తి కావడానికి ఆరు నెలలు పడుతుంది కాబట్టి ఈ వారమే మొదలుపెట్టండి. పెళ్ళివారు అడిగితే ‘ప్రజారోగ్యంలో పీజీ’ అనండి, అబద్ధం కాదు. ఇంకా గుచ్చి అడిగితే ఫోను అమ్మాయికే ఇవ్వండి.